అలిగిన నరాలు

"గీ సంచిల ఏమున్నదే అమ్మా? నిన్న మాపటి సంది గింతేనా?"

సంహిత మంచం పక్కన గొంతుక్కూర్చుని మూత్రం సంచికేసి చూస్తోంది. అడుగున వేలెడు మందం, అది కూడా ముదురు చాయ్ రంగులో. రోజూ ఈ వేళకు సంచి ఉబ్బి ఉండేది.

పద్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నిన్నే అడుగుతున్న. పండేటప్పుడు చెంబు నిండ నీళ్ళు పెట్టిన. చెంబు కాళీ అయింది. తాగినవా లేదా?"

"తాగిన."

"తాగితే ఏడికి పోయినయి?"

దానికి జవాబు పద్మమ్మ నోటి నుంచి రాలేదు, పెరట్లోంచి వచ్చింది. "సంహితా! రాత్రి వాన గిట్ల పడ్డదానే? కిటికి కాడి కరివేపాకు మొదట్ల బురద బురదున్నది. తక్కిన జాగంత ఎండి ఉన్నది." అది మేనత్త భవాని గొంతు.

పద్మమ్మ దుప్పటి మీదికి లాక్కుంది. సంహిత లేచి కిటికీ లోంచి తొంగిచూసింది. తిరిగి వచ్చి తల్లి భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"చెట్టుకు పోసినవా?"

"ఊఁ."

"ఎందుకమ్మా? పది గొట్టంగ దవాఖానకు పోవాలె. పైపు తీసేది ఇయ్యాలనాయె. మంచిగ నీళ్ళు తాగుమని సిస్టర్ ఫోన్ల లక్షసార్లు చెప్పింది."

పద్మమ్మ మెల్లగా లేచి కూర్చుంది. పొట్ట మీది నాలుగు చిన్న గాట్లు మానిపోయాయి గానీ లేచేటప్పుడు చెయ్యి ఇంకా అక్కడికే పోతుంది. "పోయినసారి పైపు తీసినంక మూడు వందలు లోపల మిగిలిందన్నరా లేదా? మిగిలిందనే కద మల్ల పైపు పెట్టిన్రు. అసలు పొయ్యకుంటే మిగిలేదేముంది బిడ్డా? లొట్టిల కల్లు లేకుంటే అడుగున మడ్డి ఏడికెల్లి వస్తది?"

సంహితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్ళుగా మెదక్ రోడ్డు పక్కన కల్లు మండువలో లొట్టి ముందు కూర్చుని పోసిన మనిషి. ఒంట్లోని సంచిని కూడా ఆ లెక్కనే చూస్తోంది.

"కాళీ లొట్టిని ఎవరన్న పరీక్ష చేస్తరానే? ఎంత మిగిలిందన్నదొక్కటే చూడరు, నీ అంతల నువ్వు ఎంత పోసినవో అది గూడ చూస్తరు. నీళ్ళు లేకుంటే ఒంటికి రాదు, రాకుంటే ఫెయిలే. తెల్లకాయిదం ఇచ్చి పాస్ చెయ్యమన్నట్టున్నది నీ కత."

ఈ లోపల భవాని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. నంగునూరు నుంచి తమ్ముడి భార్యకు చేసిపెట్టడానికి వచ్చి పదిహేను రోజులైంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ సగంతో భవానికి ఎన్నడూ తృప్తి లేదు, రెండో సగం అధికారం కూడా ఆమెదే. చేసేది చేస్తుంది, దానికి రెండింతలు అంటుంది. వంకాయ కూర ఆమె వండితే ఊరంతా వాసన పట్టాల్సిందే, మాట అంటే ఊరంతా వినాల్సిందే.

"నీళ్ళు తాగినా తాగకున్నా అయ్యేది గదే," అంది భవాని. "నేను మొదలే మొత్తుకున్న. రోగమొచ్చిన జాగను ఊడ్చి పారెయ్యాలె గని, ఇది మిగిలియ్యున్రి, అది మిగిలియ్యున్రి అని బేరమాడుతరా ఎవలన్న? గిప్పుడేమాయె? మిగిలిచ్చిన నరాలు పనిచెయ్యకపాయె. వాటి ఎంట ఇంకేం మిగిలిందో ఎవ్వలకెరుక!"

"వదినె, గట్ల మిగిలియ్యమని అడిగింది నేను. అనేదుంటే నన్ను అను," అంది పద్మమ్మ.

"నిన్నేమంట? సంతకం పెట్టినోణ్ణి అనాలె."

సంతకం పెట్టినవాడు, పద్మమ్మ మొగుడు, గడప అవతల మెట్టు మీద కూర్చుని కల్లు గీసే కత్తి నూరుతున్నాడు. యాదగిరి కత్తి నిన్ననే నూరాడు, మొన్న కూడా నూరాడు. ఇంకో వారం ఇట్లాగే నూరితే పిడి ఒక్కటే మిగిలేట్టుంది. అక్క మాట విని కూడా అతను తలెత్తలేదు. సానరాయి మీద కత్తి వెనక్కీ ముందుకూ పోతూనే ఉంది.

తొమ్మిది రోజులుగా అతను ఇంతే. హైదరాబాద్ దవాఖానలో గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ అయిన అయిదో రోజున పైపు తీశారు. పద్మమ్మ కళ్ళు తేలేసి ముక్కితే గ్లాసెడు కూడా రాలేదు. స్కాన్‌లో మూడు వందల మిల్లీలీటర్లు లోపలే మిగిలిందని కనపడగానే పైపు మళ్ళీ పెట్టి ఇంటికి పంపారు. ఆ రోజున వార్డు బయట భవాని తమ్ముడిని నిలబెట్టి నాలుగు మాటలు అంది. ఆ తర్వాత యాదగిరి పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, పైపుతో తిప్పలు పడుతున్న మనిషికి ఈ మౌనం ఒకటి తోడైంది.

డాక్టర్ సింధుజ అప్పుడే చెప్పింది. "నరాలు కొయ్యలేదు పద్మమ్మా. పక్కకు జరిపినం అంతే. జరిపినందుకు అలిగినయి. కొన్ని రోజులు మాట్లాడవు. పైపుతోటి వాటికి జర ఇరాం ఇద్దాం."

నరాలు అలిగితే ఓపిక పట్టవచ్చు. మొగుడు ఎందుకు అలిగాడో పద్మమ్మకు అంతుపట్టలేదు. తొమ్మిది రోజులూ ఆమెను గాట్ల నొప్పి కన్నా అదే ఎక్కువ సతాయించింది.

సానరాయి చప్పుడు ఆగింది. యాదగిరి లేచి వంటింట్లోకి పోయి చెంబు నింపుకొచ్చాడు. అక్కను దాటి, బిడ్డను దాటి వచ్చి మంచం ముందు నిలబడ్డాడు.

"తాగు," అన్నాడు.

పద్మమ్మ చెంబు అందుకోలేదు. "తొమ్మిది రోజులకు నోరు తెరిస్తివి. అది గూడ తాగు అననీకేనా? మండువకచ్చిన ప్రతోనికి చెప్పే మాటనే నాకు చెప్తివి?"

సంహిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యాదగిరి పెదవి కొంచెం వంకరపోయింది గానీ నవ్వు కాలేదు. చెంబును రెండు చేతులా పట్టుకున్నాడు. అరవై అడుగుల తాటిచెట్టు మీద ఒంటి చేత్తో లొట్టి దింపే మనిషి.

"కాయిదం మీద సంతకం నేను పెట్టిన గద పద్మా," అన్నాడు. "అక్క అన్న కాడి నుంచి ఒక్కటే రంది. నువ్వడిగినవని పెట్టిన. జన్మంత పైపేసుకొని బతకాల్సి వస్తే నీకేం మొకం సూపియ్యాలె అని... గందుకే మాట్లాడలే. అలిగి కాదు."

భవాని నోట్లోంచి మాట రాలేదు, అది వింతే. పద్మమ్మ చెంబు తీసుకుని ఎత్తిన చెంబు దించకుండా తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్ళు కొంగుతో తుడుచుకుంది. కళ్ళు కూడా అదే కొంగుతో తుడుచుకుంది.

"ఇంకో చెంబు తే," అంది.

*

డాక్టర్ సింధుజ ఆపరేషన్లు హైదరాబాద్‌లో చేసినా, ప్రతి గురువారం సిద్దిపేటలో కూర్చుంటుంది. వీళ్ళ ఆటో దవాఖాన ముందు ఆగేసరికి వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. నర్సు ఎస్తేర్ పద్మమ్మను చూడగానే చెయ్యి ఊపి లోపలికి పిలిచింది.

పైపు తీయడం క్షణంలో అయిపోయింది. పద్నాలుగు రోజులుగా తొడకు అంటుకుని ఉన్నది పోయేసరికి పద్మమ్మకు ఒళ్ళు తేలికైంది, గుండె బరువెక్కింది.

"ఇగ ఇప్పటి సంది రెండు గంటలు మెల్లమెల్లగ నీళ్ళు తాగుతనే ఉండున్రి అమ్మా," అంది ఎస్తేర్, లీటరు సీసా చేతికిస్తూ. "ఒంటికి వచ్చినట్టు అనిపిస్తే నాకు చెప్పున్రి. బాత్రూంల గీతలున్న జగ్గు పెట్టిన, అండ్లనే పొయ్యాలె. తర్వాత స్కాన్ చేస్తం. లోపల మిగిలింది వంద ఎమ్మెల్ లోపలుంటే పాస్."

"ఎక్కువుంటే?"

ఎస్తేర్ జవాబు చెప్పేలోపే డాక్టరమ్మ అటుగా వచ్చింది. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు. "ఎక్కువుంటే భయం లేదు పద్మమ్మా. సన్న పైపు రోజుకు నాలుగైదు సార్లు మీ అంతల మీరే పెట్టుకునుడు నేర్పిస్తం. శానామంది నేర్చుకుంటరు. కొందరికి కొన్ని నెలల్ల తక్కువైతది, కొందరికి అట్లనే ఉంటది. అబద్ధం చెప్ప."

పద్మమ్మ కళ్ళ ముందు మండువ కదిలింది. ముందు లొట్టి, చుట్టూ తాగేవాళ్ళు. మధ్యలో తను లేచి, సంచిలోంచి సన్న పైపు తీసుకుని పోవాలి. రోజుకు అయిదు సార్లు. పోవడానికి అక్కడ ఆడవాళ్ళకు నాలుగు గోడలు కూడా లేవు. అది జరిగితే మండువ వదిలేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా తన చేతి మీద నడిచిన అడ్డా అది. రోగం వచ్చిందన్నప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు.

"మేడం, ఒక్క మాట అడుగుత," అంది భవాని ఉన్నట్టుండి. "రోగమున్న కాడ నరాలు మిగిలిస్తే, వాటి ఎంట రోగం మిగులదా?"

సంహిత తలపట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని భవానికి ఎదురుగా కూర్చుంది.

"మంచి మాట అడిగినవమ్మా. చూడు, గర్భసంచి మూతి కాడ గడ్డ. దాని పక్కల నుంచే మూత్రసంచికి వెంట్రుకలంత సన్న నరాలు పోతయి. నిండింది అని కబురు తెచ్చేటియి, ఇగ పొయ్యి అని హుకుం ఇచ్చేటియి అవ్వే. వెనకట పక్క కండంత వెడల్పుగ తీసేటప్పుడు అవి గూడ తెగేటియి. రోగం పోయేది, ఒంటికి వచ్చే సోయి గూడ పోయేది. ఇప్పుడు కెమెరాతోటి నరం పెద్దగ కనపడుతది, చూసి పక్కకు జరుపుతం."

"అందరికీ గట్లనే చేస్తరా?"

"చెయ్యం. గడ్డ పెద్దదైతే చిన్న రంధ్రాల ఆపరేషనే వద్దంట, పొట్ట కోసే చేస్త. నరం పక్కకు రోగం వచ్చినట్టు అనుమానముంటే నరాన్ని గూడ ఇడిసిపెట్ట. మీ మరదలిది చిన్న గడ్డ, నరాలకు దూరమున్నది. తీసిన కండ అంచుల రోగం లేదని రిపోర్టు గూడ వచ్చింది. తియ్యాల్సింది తీసినం, ఉంచాల్సింది ఉంచినం."

"చిన్నగున్నప్పుడు దొరుకవట్టి," అంది భవాని గొణుగుతున్నట్టు.

"అవును. రెండు నెల్ల కింద క్యాంపుల పరీక్ష చేయించుకున్నది కాబట్టి."

భవాని బెంచీ చివరకు జరిగి, కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వదినె నోరు మూతపడటం పద్మమ్మ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇవాళ ఇది రెండోసారి. అయినా దాని గురించి ఆలోచించే తీరిక పద్మమ్మకు లేదు. సీసాలో సగం నీళ్ళు లోపలికి పోయాయి. లోపల నుంచి మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

గంట గడిచింది. సీసా ఖాళీ అయింది, ఎస్తేర్ ఇంకోటి ఇచ్చింది. యాదగిరి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. చెట్టు మీద ఉండాల్సిన మనిషిని నేల మీద వదిలితే ఇట్లాగే ఉంటుంది.

ఇంకో అరగంటకు పద్మమ్మ చటుక్కున నిటారుగా కూర్చుంది. పొత్తికడుపులో ఎక్కడో అడుగున సన్నగా ఒక గుంజు. పక్క గదిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. పోయినసారి ఇది లేదు. అప్పుడు ఉత్త బరువే ఉండింది, బండ పెట్టినట్టు. ఇది బరువు కాదు, కబురు.

"సిస్టర్," అంది. "వచ్చినట్టు ఉన్నది. నాకు ఎరుకైతున్నది సిస్టర్, ఒంటికి వచ్చినట్టు ఎరుకైతున్నది!"

ఎస్తేర్ మొహం వెలిగిపోయింది. "నడువున్రి, నడువున్రి!"

*

బాత్రూంలో పద్మమ్మ కూర్చుంది. జగ్గు సరిగ్గా పెట్టుకుంది. ఏమీ రాలేదు.

బయట భవాని తలుపుకు ఆనుకుని, "ఏమాయె పద్మా? వస్తున్నదా? జర ముక్కు," అంటోంది.

ముక్కితే అంతకుముందున్న గుంజు కూడా మాయమైంది. పద్మమ్మకు చెమటలు పట్టాయి. అయిపోయింది అనుకుంది. ఉన్న ఒక్క అవకాశం ఇదే, ఇది కూడా పాయె.

ఎస్తేర్ తలుపు సందులోంచి తల పెట్టింది. "ముక్కకున్రి అమ్మా. మీరు ఇంట్ల ఎట్ల పోతరో అట్లనే."

ఇంట్లో ఎట్లా పోతుంది? పద్మమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పుట్టింట్లో, మర్కూక్‌లో, ఆమె చిన్నప్పుడు ఇంటింటికీ దొడ్డి ఎక్కడిది? తెల్లవారక ముందు ఓసారి, పొద్దు గూకినాక ఓసారి. నడుమ ఎవరి అడుగు చప్పుడు వినపడ్డా, ఎవరి గొంతు వినపడ్డా చటుక్కున లేచి నిలబడాలి. తర్వాత మండువ. పదింటికి కూర్చుంటే చీకటి పడేదాకా లేవకూడదు కాబట్టి పొద్దున చాయ్ తప్ప నీటిచుక్క ముట్టేది కాదు. నలభై ఆరేళ్ళుగా ఈ ఒంటికి నేర్పిన విద్య ఒక్కటే, ఆపుకోవడం. మనిషి గొంతు వినపడితే చాలు, అది బిగుసుకుంటుంది. ఇప్పుడు తలుపవతల వదినె, ఆ వెనక బిడ్డ, ఆ వెనక మొగుడు. ఇంత పరివారం కాపలా ఉంటే అలిగిన నరాలు ఎక్కడ మాట్లాడతాయి?

"వదినె," అంది గట్టిగా. "జర దూరం పో. అందరిని తీస్కపో. సిస్టర్, నువ్వు గూడ పో. ఎవ్వలు ఉండొద్దు."

"నేనేమన్న నిన్ను మింగుతున్ననా?" భవాని గొంతులో రోషం.

"పో అంటున్న గద!"

ఇన్నేళ్ళలో పద్మమ్మ ఆడబిడ్డను పో అనడం ఇదే మొదలు. బయట చెప్పుల చప్పుడు దూరమైంది. ఎస్తేర్ వరండా తలుపు కూడా మూసినట్టుంది, జనం గోల తగ్గిపోయింది.

పద్మమ్మ కళ్ళు మూసుకుంది. ముక్కలేదు. ఊపిరి వదిలింది. ఎవరూ రారు, అని తనకు తాను చెప్పుకుంది. ఎవరూ రారు, నువ్వు లేవాల్సిన పనిలేదు.

ఆ సన్న గుంజు మళ్ళీ వచ్చింది. ఈసారి వదిలి వెళ్ళలేదు. బిగిసి ఉన్నదేదో మెల్లగా, భయంభయంగా సడలింది. మొదట ఒక చుక్క. ఇంకో చుక్క. ఆ తర్వాత ధార.

జగ్గు అడుగున గుబగుబమని చప్పుడు. పద్మమ్మ చెవులు రిక్కించింది. లొట్టిలోంచి సీసాలోకి పోసేటప్పుడు ఆమె సీసాను చూడదు, తాగేవాళ్ళతో మాట్లాడుతూనే పోస్తుంది. చెవే చెబుతుంది. అడుగున ఉన్నప్పుడు చప్పుడు మొద్దుగా ఉంటుంది, నిండేకొద్దీ సన్నబడుతుంది. ఇప్పుడు కూడా సన్నబడుతోంది. గ్లాసెడు అయింది. పావు దాటింది. ఇంకా ఆగలేదు. మూడు వందలు దాటింది. ఒక్క పిసరు కూడా తను తోయడం లేదు, దానంతట అదే పోతోంది.

పద్మమ్మ పకపకా నవ్వింది. ఒక్కతే, బాత్రూంలో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా.

నవ్వు వినపడి ఎస్తేర్ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? పడ్డరా?"

"ఆగు సిస్టర్, ఇంక పోస్తనే ఉన్న!"

బయటకు వచ్చి జగ్గు అందిస్తూ, ఎస్తేర్ చూడకముందే చెప్పింది. "మూడు వందల నలభై ఉంటది. రాసుకో."

ఎస్తేర్ జగ్గును కళ్ళ ఎత్తుకు ఎత్తి గీతలు చూసింది. పద్మమ్మను చూసింది. మళ్ళీ గీతలు చూసింది. "మూడు వందల నలభైయే! ఎట్ల చెప్పిన్రు?"

"ఇరవై ఆరేండ్ల సర్వీసు," అంది పద్మమ్మ.

స్కాన్ చేసేటప్పుడు మాత్రం ఆ ధీమా లేదు. పొట్ట మీద చల్లటి జిగురు పూసి చిన్న మిషన్ ఆనించారు. పోసింది ఎంతైనా, మిగిలింది ఎంతో చెప్పే చెవి ఆమెకు లేదు. డాక్టరమ్మ తెర చూసింది. మిషన్ కొంచెం జరిపి మళ్ళీ చూసింది.

"నలభై," అంది.

"నాలుగు వందలా మేడం?" యాదగిరి బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"ఉత్త నలభై. ఎవరికైనా అంతో ఇంతో మిగుల్తదయ్యా, నాకైనా మిగుల్తది. పద్మమ్మా, మీ నరాల అలక తీరింది. పైపు ఇగ లేదు."

పద్మమ్మ బల్ల మీదే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. డాక్టరమ్మ ఆ చేతులు పట్టుకుని దింపింది. "దండాలు తర్వాత. ముందు ఇది వినున్రి. మీది సగం జబ్బు ఆపుకునుడే. మూడు గంటలకోసారి లేవాలె. వచ్చినా రాకున్నా పోవాలె. మండువల అయినా సరే. నెల తర్వాత మల్ల స్కాన్ చేస్త."

పద్మమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నవా? మండువ ఎనకకెల్లి ఆడోళ్ళకు బాత్రూం. తలుపు, గొళ్ళెం, నీళ్ళ నల్లా. అది లేచినంకనే నేను లొట్టి ముందల కూసుంట."

"రేపే," అన్నాడు యాదగిరి.

"ఇయ్యాల అను."

"ఇయ్యాలనే!"

తొమ్మిది రోజులు మూగనోము పట్టిన మనిషి వరండాలోకి పోయి ఫోను తీశాడు. అవతల మండువ చూసుకుంటున్న లింగమూర్తి. "లింగమూర్తీ! పోసిందిరా! మీ వదినె పోసింది! మూడు వందల నలభై!" బెంచీల మీద కూర్చున్న జనం మొత్తం అటు తిరిగారు. "మిగిలింది ఉత్త నలభై! అరే, కల్లు కాదురా..." సంహిత సిగ్గుతో మొహం చున్నీలో దాచుకుంది. ఒక ముసలమ్మ ఏమైందో తెలియకపోయినా చేతులెత్తి చల్లగుండు బిడ్డా అంది. యాదగిరి ఆమెకు కూడా మొత్తం చెప్పాడు.

పద్మమ్మ ఆ గోలలోకి నడిచి వచ్చింది, పక్కన సంచి లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. అందరి మొహాలూ వెతికింది. ఒక మొహం కనపడలేదు.

"వదినె ఏది?"

ఎవరికీ తెలియదు.

పో అన్నందుకు అలిగి ఆటో ఎక్కేసిందేమో అనుకుంది పద్మమ్మ. వెతుక్కుంటూ పోతే మెట్ల దగ్గర, పైకి ఎవరూ వెళ్ళని వైపు, గోడకు ఆనుకుని కూర్చుని కనపడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి.

"వదినె, నేను కావాలని అనలే. జనముంటే నాకు ఒంటికి రాదు, గందుకే..."

భవాని తల అడ్డంగా ఊపింది. "నువ్వు నవ్వినవు గద లోపల. ఇన్న. గప్పుడే అర్థమైంది నీకు మంచిగైందని."

"మరెందుకు ఏడుస్తున్నవు? మంచిగైతే ఏడుస్తరా ఎవలన్న?"

భవాని చుట్టూ చూసింది. ఊరంతా వినేలా మాట్లాడే మనిషి, ఎదురుగా ఉన్న పద్మమ్మకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా అంది.

"నాకు బట్ట ఆగి ఆరేండ్లాయె గద పద్మా. నాలుగు నెల్ల సంది మల్ల కనవడుతున్నది. నెత్తురు."

పద్మమ్మ రెండో మెట్టు మీద కూలబడింది. "నాలుగు నెల్లా? ఎవలకు చెప్పినవు?"

"ఎవలకు చెప్పాలె? నీకు రోగమని తెలిసిన నాడే నాకు గుండె జారింది. చెప్తే నన్ను గూడ కోస్తరనుకున్న. ఎట్లనన్న నీది తప్పు ఆపరేషనే కావాలె, డాక్టర్లకేం తెల్వదనే తేలాలె అనిపించింది. గట్ల తేలితే నేను దవాఖానకు పోవుడే అక్కర ఉండదు గద. గందుకే నిన్ను, వాన్ని గన్ని మాటలన్న. పాపిష్టిదాన్నే నేను."

ఇన్నాళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా పద్మమ్మకు వేరే అర్థంతో వినపడ్డాయి. కోపం రావాలి, రాలేదు. ఆడబిడ్డ చెయ్యి తీసుకుంటే మంచులా ఉంది. ఈ చెయ్యే పదిహేను రోజులుగా తనకు అన్నం కలిపి పెట్టింది, తన మూత్రం సంచి మోసింది.

"లే," అంది.

"ఏడికి?"

"ఇయ్యాల గురువారం. మేడం ఇంక లోపలనే ఉన్నది."

భవాని లేవలేదు. తల ఎత్తి పద్మమ్మ కళ్ళలోకి చూసింది. "నాకు గూడ గట్లనే మిగిలిస్తరా పద్మా?"

అవునని చెప్పాలని పద్మమ్మ నోటి దాకా వచ్చింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు, తను మాత్రం ఎట్లా చెబుతుంది?

"అది నాకెరుకలేదు వదినె. అసలు అదే రోగమో కాదో గూడ ఎరుకలేదు. చూపిస్తే ఎరుకైతది. లోపట నేను ఎంట ఉంట. నువ్వు పొమ్మన్న దాంక పోను."

వరండాలో యాదగిరి ఇంకా ఫోనులోనే ఉన్నాడు. బాత్రూంకు ఇటుకలు ఎన్ని కావాలో, ఎవరిని పిలవాలో లింగమూర్తికి చెబుతున్నాడు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తుంటే చూశాడు. పద్మమ్మ తూలిందేమో, అక్క ఆసరా ఇస్తోందేమో అనుకుని ముందుకు అడుగు వేశాడు. అప్పుడు కనపడింది, తూలుతున్నది అక్క. నడిపిస్తున్నది పద్మమ్మ.

డాక్టర్ గది తలుపు తెరుచుకుంది. ఇద్దరూ లోపలికి పోయారు. తలుపు మూసుకుంది.

"హలో అన్నా, ఇటుకలు ఎన్నంటివి? హలో?" అంటున్నాడు లింగమూర్తి. యాదగిరి ఆ తలుపునే చూస్తున్నాడు.